రెండో గిన్నె

నవోతాస్ చేపలరేవు వెనక
పోటు మీదున్నప్పుడల్లా
మా విచారణ గుడికి మూడు మెట్లు మునుగుతాయి.
శనివారం మూడింటికే నోర్బెర్తా పొయ్యి ముట్టిస్తుంది.
నడుమెత్తు డేగిసా, పడవ తెడ్డంత గరిటె,
బియ్యం కన్నా నీళ్లెక్కువ,
నీళ్ల కన్నా అల్లం ఘాటెక్కువ.
ఆమెకి గడియారం అక్కర్లేదు.
జపమాలలో ఐదో దేవరహస్యం ముగిసిందంటే
గంజి ఉడికినట్టే.
పరలోక జపంలో ఆహారం దగ్గరికి వచ్చేసరికి మాత్రం
గొంతు కాస్త పెంచుతుంది,
పైనున్నాయనకి చెవుడేమో అన్నట్టు.

నా పని లెక్క.
ఎర్రట్ట పుస్తకం, దారానికి వేలాడే పెన్సిలు.
మేత్రాసనానికి చూపించాలి,
బియ్యం బస్తాలిచ్చే కొట్టాయనకీ చూపించాలి.
మనిషికి ఒక గిన్నె.
ఆ నియమం నాది, నోర్బెర్తాది కాదు.

తిబోకి పదేళ్లుంటాయేమో.
ఐస్ ఫ్యాక్టరీ గోనెకి
మూడు కంతలు కోసి తొడుక్కున్న చొక్కా.
చేతుల్లో రెండు గిన్నెలు,
ఒకటి స్టీలుది,
ఒకటి పెయింటు డబ్బా కింది సగం.
"ఇది తోబుట్టువుకి."
అక్కా? చెల్లా? తమ్ముడా?
మా భాషలో ఆ మాట ఏ గుట్టూ విప్పదు,
వాడూ విప్పడు.

నాలుగు నెలలు చూశాను,
వరసలోకి ఏ తోబుట్టువూ రాలేదు.
వాడి పేరు పక్కన వారానికో సున్నా చుట్టి
లోపల చుక్క పెట్టాను.
నా లెక్కలో దానర్థం అబద్ధం.
నోర్బెర్తాకి చదువు రాదు గానీ
చుక్క అర్థమైంది.
"గరిటెకి ఎక్కాలు రావు నాయనా" అని
డబ్బాని అంచుదాకా నింపింది.

ఆగస్టులో ఆకాశానికి చిల్లు పడింది.
గుడిలో బలిపీఠం దాకా నీళ్లు.
చెక్కబొమ్మ జోజప్పగారు మోకాళ్లదాకా తడిసి
అప్పుడే పడవ దిగినవాడిలా ఉన్నాడు.
వరస కట్టడానికి నేలే లేదు.
డేగిసాని లారీ ట్యూబు మీద కట్టి
నేనూ, ఐసు బండి ఎవులోగియో
ఛాతీలోతు నీళ్లలో తోసుకుంటూ పోయాం.
ఇంటి కప్పుల మీంచి
తాళ్లకి కట్టిన గిన్నెలు దిగాయి.

వంతెన కింద
రెండు దూలాల మధ్య అటకలాంటి చోట
తిబో.
పక్కన తోబుట్టువు.

డెబ్బై దాటిన ముసలాయన.
ఒకప్పుడు వలలు అల్లేవాడట,
ఇప్పుడు వేళ్లన్నీ లోపలికి ముడుచుకుని
గాలపు కొక్కేల్లా బిగుసుకుపోయాయి.
రక్తం కలవదు, ఊరు కలవదు.
ఈయన నీకెలా తోబుట్టువురా అంటే
బుద్ధి తక్కువవాణ్ణి చూసినట్టు చూశాడు.
"ఒకే వానలో ఇక్కడికొచ్చాం."

ముందు ఆయనకి పెట్టాడు.
ఊదడం, పెట్టడం,
బొటనవేలితో పెదవంచు తుడవడం.
డబ్బా అడుగు గీకాకే తన గిన్నె ముట్టుకున్నాడు.
అప్పటికి దానిమీద తెట్టు కట్టేసింది.

ప్లాస్టిక్ సంచిలో చుట్టి
తలమీద కట్టుకున్న పుస్తకం
ఉన్నట్టుండి బరువెక్కింది.
విప్పబోతే
దారం తెగి పెన్సిలు నీళ్లలో పడింది.
రబ్బరు ఎలాగూ ఎప్పుడూ లేదు.
"ఇంకా అరవై ఇళ్లున్నాయి,
నీ లెక్కలు తర్వాత" అని
ఎవులోగియో ట్యూబు గుంజాడు.

కదులుతుంటే ముసలాయన పిలిచాడు.
దీవిస్తాడనుకున్నాను.
మా ఆచారం ప్రకారం
ఆ ముడుచుకున్న చెయ్యి నుదుటికి తాకించుకోవడానికి
తల కూడా వంచాను.

"ఈసారి అల్లం తగ్గింది" అన్నాడు.

నోర్బెర్తాకి చెప్పాను.
ఎవడా పెద్దమనిషి అని తిట్టింది,
బియ్యం ఏరుతూ ఒక్కతే నవ్వుకుంది.
నీళ్లు తీశాక వచ్చిన శనివారం
నేను వెళ్లేసరికి ఇంకా చీకటే.
మొదటి దేవరహస్యమైనా మొదలుకాలేదు,
రోట్లో అల్లం నలుగుతోంది.